అచ్చు విరిగిన నాణెం: పుట్టుమచ్చా, గాయమా?

(స్వర్ణోత్సవ సభలో 1986 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

నాకు అరగంట ఇచ్చారు. కెనడాలో ఉద్యోగావకాశాల గురించి మాట్లాడితే పిల్లలకు ఉపయోగం కదా అని సెక్రటరీ గారు అన్నారు. ఆ విషయం నాకంటే బాగా చెప్పగలవాళ్లు ఈ హాల్లోనే పదిమంది ఉన్నారు. అందుకని నాకు బాగా తెలిసిన ఒక చిన్న విషయం చెబుతానని ఒప్పించుకున్నాను. వృత్తిరీత్యా నేను ప్రెస్ టూల్స్ ఇంజనీరుని. ముప్పై ఏళ్లకు పైగా అచ్చులతోనే నా బతుకు. మొదట బాలానగర్‌లో, ఇరవై ఏళ్లుగా ఒంటారియోలో. పగలు ఫ్యాక్టరీలో అచ్చు పగలకుండా చూడటం నా పని. ఆదివారం పొద్దున అచ్చు పగిలిన నాణేల కోసం వెతకడం నా సరదా. "ఉద్యోగంలో వద్దనుకున్నదాన్ని ఇంట్లో డబ్బాలో దాస్తావేమిటి?" అని మా ఆవిడ అడుగుతుంటుంది. దానికి జవాబు చెప్పడానికే ఈ ప్రసంగం అనుకోండి.

అచ్చు సంగతి

ముందు ఇటుకల బట్టీ దగ్గరికి వెళ్దాం. చెక్క అచ్చులో మట్టి కొట్టి, బోర్లించి, అచ్చు పైకి తీస్తారు. ఆ అచ్చు లోపలి వైపు చెక్కపెళ్ల ఒకటి ఊడిందనుకోండి. ఊడిన చోట గుంట పడుతుంది. ఆ గుంటలోకి మట్టి దూరుతుంది. ఇటుక మీద అదే చోట బొడిపె వస్తుంది. ఒక్క ఇటుకకి కాదు, ఆ అచ్చులో కొట్టిన ప్రతి ఇటుకకీ వస్తుంది. అచ్చు మార్చేదాకా వస్తూనే ఉంటుంది.

నాణెం కథ కూడా ఇంతే. అచ్చులో పోయినది నాణెం మీద పెరిగి కనిపిస్తుంది. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతా ప్రసంగం మీరు నిద్రపోయినా పరవాలేదు.

కెనడా నాణేలు ఒట్టావాలో, విన్నిపెగ్‌లో తయారవుతాయి. ఒట్టావా టంకశాల 1908లో లండన్ రాయల్ మింట్‌కు శాఖగా మొదలైంది. 1931లో రాయల్ కెనడియన్ మింట్ అయింది. విన్నిపెగ్ ఫ్యాక్టరీ 1976లో వచ్చింది. రోజువారీ వాడే చిల్లర ఇప్పుడు అక్కడే కొడతారు. గుండ్రటి ఖాళీ బిళ్ళను రెండు ఉక్కు అచ్చుల మధ్య పెడతారు. ఒకదాని మీద బొమ్మ, ఒకదాని మీద బొరుసు. చుట్టూ కాలర్ అనే ఉక్కు ఉంగరం ఉంటుంది. లోహం పక్కలకు పారిపోకుండా అది పట్టి ఉంచుతుంది. పదుల టన్నుల బలంతో ఒక్క దెబ్బ, నాణెం తయారు. నిమిషానికి కొన్ని వందల దెబ్బలు. ఒక్కో అచ్చు లక్షల దెబ్బలు తింటుంది.

ఇన్ని దెబ్బలు తిన్న ఉక్కు అలసిపోతుంది. ఇంజనీర్లం దాన్ని ఫెటీగ్ అంటాం. పెద్ద దెబ్బ ఒకటి తగిలి విరగడం కాదది. తట్టుకోగలిగిన దెబ్బే లక్షసార్లు తగిలి, ఎక్కడో కంటికి కనిపించని చోట బీట మొదలవుతుంది. ఎక్కడైనా అని కూడా కాదు. అక్షరాల మూలలు, అంకెల కొసలు, అంచు గట్టు పక్కన ఉండే మలుపు, ఇలా పదునైన మూల ఉన్నచోట బలం పోగవుతుంది. అందుకే నాణెం మీద బీట ఒక అక్షరం కొస నుంచి పక్క అక్షరం కొసకి, అక్కడి నుంచి అంచుకి పాకడం ఎక్కువగా కనిపిస్తుంది. కెనడా ఐదు సెంట్ల నాణేన్ని 1922 నుంచి చాలా దశాబ్దాలపాటు స్వచ్ఛమైన నికెల్‌తో కొట్టారు. మధ్యలో యుద్ధాల వల్ల కొన్నేళ్లు వేరే లోహం వాడారు. నికెల్ గట్టి లోహం. కంచు సెంటుతో పోలిస్తే అచ్చు మీద దాని పెట్టు ఎక్కువ.

బీట నుంచి విరుగు దాకా

సేకర్తలు దీన్ని మెట్లు మెట్లుగా చెబుతారు. మొదటి మెట్టు బీట. నాణెం మీద వెంట్రుకలా సన్నని ఉబ్బెత్తు గీత. తిన్నగా ఉండదు. వేసవిలో చెరువు అడుగున మట్టి నెర్రె విచ్చినట్టు వంకరలు తిరుగుతుంది.

రెండోది చిన్న పెళ్ల ఊడటం. అంకె గుండ్రంలోనో, అక్షరం మూలలోనో ఉక్కు చిన్న పెళ్లగా రాలిపోతుంది. నాణెం మీద ఆ చోటు మూసుకుపోయి చిన్న చుక్కలా ఉంటుంది. 1946 యాభై సెంట్ల నాణెంలో ఇలాంటిది ఒకటి పేరు పొందింది. 6 అంకె గుండ్రం లోపల చిన్న ఉబ్బు ఉంటుంది. చూసినవాళ్లకి గుర్రపు డెక్క గుర్తొచ్చింది కాబోలు, 'హూఫ్ ఇన్ సిక్స్' అని పేరు పెట్టారు.

మూడోది అసలు విరుగు. అంచు దగ్గర మొదలైన బీట వంపు తిరిగి మళ్లీ అంచుకే చేరితే, మధ్యలో ఉన్న ముక్క ఊడిపోతుంది. అప్పుడు నాణెం అంచున బొమ్మ లేని, అక్షరం లేని నున్నటి దిబ్బ ఏర్పడుతుంది. సేకర్తల భాషలో దీని పేరు 'కడ్'. నాణేల సంతలో ఎక్కువ మంది వెతికేది దీన్నే. అచ్చు ముక్క పూర్తిగా తెగినా చుట్టూ ఉన్న కాలర్ దాన్ని ఊడనివ్వకుండా పట్టుకుంటే, నాణెం మీద దిబ్బ రాదు. బీటకి ఒక పక్క నేల, రెండో పక్క నేల ఎత్తుపల్లాలుగా మాత్రం ఉంటాయి. దాన్ని 'ఊడని కడ్' అనవచ్చు.

ఈ మెట్లన్నీ ఒకే అచ్చు జీవితంలో వరసగా రావచ్చు. సేకర్తలు ఒకే అచ్చు నాణేలు నాలుగైదు సంపాదించి వరసలో పెడతారు. మొదటిదాంట్లో గీత లేదు. రెండోదాంట్లో అక్షరం దగ్గర చిన్న గీత. మూడోదాంట్లో అంచుకి చేరింది. నాలుగోదాంట్లో ముక్క ఊడింది. నాణేల మీద నెల, గంట రాసి ఉండవు. ఏది ముందు పుట్టిందో, ఏది తర్వాత పుట్టిందో ఆ బీటే చెబుతుంది.

నేను ఈ పాఠం నాణేల దగ్గర నేర్చుకోలేదు. 1993లో బాలానగర్‌లో ఒక చిన్న షాపులో ట్రైనీగా ఉన్నప్పుడు నేర్చుకున్నాను. అక్కడ ప్రెస్ నడిపే మేస్త్రీ ఒకాయన ఉండేవారు. ఐదో తరగతితో బడి మానేశారు. ఆయనకి ఒక అలవాటు. ట్రేలో పడిన పీసుని అప్పుడప్పుడు తీసి, వెనకవైపు గోరుతో ఒకసారి గీరేవారు. ఒక రాత్రి అలా గీరి మిషన్ ఆపేశారు. తెల్లారేసరికి లోడు వెళ్లాలి. సూపర్‌వైజర్ వచ్చి కొలత చూశాడు. కొలత సరిగ్గానే ఉంది. "నడుపు" అన్నాడు. మేస్త్రీ వాదించలేదు. ఆ షిఫ్టులో పడిన పీసుల్లోంచి సాయంత్రంవి, ఎనిమిది గంటలవి, పదింటివి, చివరివి తీసి బల్ల మీద వరసగా పేర్చారు. వెనకవైపు సన్నని గీత. మొదటిదాంట్లో లేదు, చివరిదాంట్లో వేలెడంత ఉంది. "పెరుగుతోంది సార్" అన్నారు, అంతే. అచ్చు విప్పి చూస్తే బీట దాదాపు అవతలి దాకా పోయింది. ఇంకాసేపు నడిపితే ఆ ముక్క ఎటు ఎగిరేదో, ఎవరికి తగిలేదో చెప్పలేం. ఆయన చెయ్యి ప్రెస్‌కి అడుగు దూరంలో ఉండేది.

ఒక్క పీసు చూసి సూపర్‌వైజర్ సరిగ్గానే ఉందన్నాడు. నాలుగు పీసులు వరసలో పెట్టి మేస్త్రీ నిజం చెప్పారు. ఇప్పటికీ మా ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన పిల్లలకి నేను ఇదే చేయిస్తాను.

ఏది అసలు, ఏది కాదు

ఇక గుర్తుపట్టడం. చేతిలో నాణెం ఉంది. దాని మీద ఉండకూడనిది ఏదో ఉంది. అది పుట్టుకతో వచ్చిందా, తర్వాత తగిలిందా? అంటే పుట్టుమచ్చా, గాయమా? పరీక్షలు ఒక్కొక్కటిగా చెబుతాను. పదిరెట్లు పెద్దదిగా చూపే చిన్న లెన్సు, పక్కనుంచి వెలుగు పడే ఒక దీపం, గ్రాములో నూరో వంతు చూపే చిన్న త్రాసు ఉంటే చాలు.

మొదటి పరీక్ష: ఉబ్బా, గుంటా? గీత లోపలికి దిగి ఉంటే అది గీరుడే. తాళం చెవి తగిలిందో, గచ్చు మీద రాసుకుందో. అచ్చు బీట ఎప్పుడూ నాణెం మీద పైకి లేచి ఉంటుంది. వెలుగుని అటూ ఇటూ తిప్పండి. నీడ ఏ పక్క పడుతోందో చూస్తే తేలిపోతుంది. ఫోటోలో మాత్రం ఉబ్బు గుంటలా, గుంట ఉబ్బులా కనిపించి కన్ను మోసపోతుంది. అందుకే ఫోటో ఒక్కటే చూసి డబ్బు కట్టకూడదు.

రెండో పరీక్ష: ఉబ్బెత్తు గీతలన్నీ బీటలేనా? కావు. అచ్చుని సానపెట్టినప్పుడు పడే గీతలు కూడా నాణెం మీద ఉబ్బుగానే వస్తాయి. కానీ అవి సన్నగా, తిన్నగా, పక్కపక్కనే గుంపుగా ఉంటాయి. బీట ఒంటరిగా, వంకరగా వెళ్తుంది. దారిలో అక్షరం వచ్చినా, రాణిగారి మెడ వచ్చినా ఆగదు. ఇంకొకటుంది. మధ్యలో బిళ్ళ పడకుండా అచ్చులు రెండూ ఒకదాన్నొకటి గుద్దుకుంటే, బొమ్మ అచ్చు ఆకారం బొరుసు అచ్చు మీద పడుతుంది. అప్పుడు నాణెం మీద దయ్యంలాంటి ఆకారం కనిపిస్తుంది. అదీ అచ్చు దోషమే కానీ విరుగు కాదు. ఆ రేఖ ఎదుటి వైపు బొమ్మ రూపురేఖకి సరిపోతే గుద్దుడు, సరిపోకపోతే బీట.

మూడో పరీక్ష కడ్ కోసం: నాణేన్ని తిరగేయండి. లోహం ఎక్కడి నుంచో ఊడిపడదు. అచ్చు ఊడినచోట ఖాళీ ఉంది కాబట్టి లోహం అటు పరుగెత్తింది. దానికి సరిగ్గా వెనక ఉన్న బొమ్మ నిండటానికి లోహం, ఒత్తిడి చాలలేదు. కాబట్టి అసలు కడ్ వెనకవైపు బొమ్మ మసకగా, బలహీనంగా ఉంటుంది. కెనడా నాణెంలో బొమ్మ తల పైకి ఉంటే బొరుసు తల కూడా పైకే ఉంటుంది. కనుక కడ్ పైన ఉంటే వెనక మసక కూడా పైనే వెతకాలి. దిబ్బ ఇంత ఎత్తున ఉండి వెనక బొమ్మ నిగనిగలాడుతోందంటే అనుమానించండి.

నాలుగో పరీక్ష: తూకం. కడ్ ఉన్న నాణెం బరువు మామూలు నాణెం బరువే. ఎందుకంటే బిళ్ళ ముందే కోసి ఉంది. లోహం చోటు మారింది తప్ప కొత్తగా చేరలేదు. ఇప్పటి ఉక్కు ఐదు సెంట్ల నాణెం 3.95 గ్రాములు, పాతిక సెంట్లది 4.4 గ్రాములు. దిబ్బ ఉన్న నాణెం దీనికంటే తేడాగా ఎక్కువ తూగితే, ఎవరో టంకం అంటించారన్న మాట. మన కంసాలి వీధిలో ఎవరిని అడిగినా ఈ పరీక్ష చెబుతారు.

ఐదో పరీక్ష: పొక్కు. కెనడా సెంటుని 1997 నుంచి జింకు మీద రాగి పూతతో కొట్టారు. తర్వాత ఉక్కు మీద పూత వచ్చింది. 2000 తర్వాత మిగతా చిల్లర కూడా పూత పూసిన ఉక్కుకి మారింది. పూత సరిగా అంటకపోతే కింద గాలి చేరి పొక్కుతుంది. పూరీ మీద బుడగలా గుండ్రంగా, నున్నగా ఉంటుంది. అంతర్జాలంలో 'అచ్చు విరుగు' పేరుతో అమ్మేవాటిలో ఇవి చాలా కనిపిస్తాయి. పొక్కు పుట్టుకతో వచ్చిన లోపమే, కానీ ఆ ఒక్క నాణేనిది. అచ్చుది కాదు.

అక్కడికే వస్తున్నాను. ఆరోది, అన్నిటికంటే గట్టి పరీక్ష: దీనికి తోబుట్టువు ఉందా? అచ్చు దోషం ఒక్క నాణెంతో ఆగదు. అదే చోట, అదే వంపుతో, అదే లోపం ఉన్న రెండో నాణెం దొరికితే సందేహం తీరినట్టే. సుత్తితో కొట్టినవాడు రెండోసారి సరిగ్గా అలాగే కొట్టలేడు. అందుకే నేను బ్యాంకుకి వెళ్లి ఐదు సెంట్ల రోలు తెచ్చుకుంటాను. నలభై నాణేలు, రెండు డాలర్లు. చూసి, మిగిలినవి మళ్లీ బ్యాంకుకే ఇచ్చేస్తాను. ఇంత చవక సరదా ఇంకోటి ఉండదు. ఒకే రోలులో తోబుట్టువులు రెండు దొరికిన రోజున మా ఇంట్లో పాయసం లేదు కానీ, నా మటుకు నాకు పండగే.

ఒక హెచ్చరిక. నాణేన్ని తోమకండి. మన వాళ్లకి రాగి, ఇత్తడి చూడగానే చెయ్యి చింతపండు మీదకి పోతుంది. పూజ సామానుకి మంచిదే. నాణేనికి మాత్రం పుట్టినప్పటి మెరుపు పోతుంది, విలువ పోతుంది, బీట అంచుల పదును కూడా పోతుంది.

రెండు చుక్కలు, ఒక ఆకు

ఇంత సూక్ష్మంగా చూడటం ఎందుకంటే, నాణెం మీద చుక్కంత దానికి చరిత్ర మారిపోతుంది. ఉదాహరణలు కెనడా నాణేల్లోనే ఉన్నాయి.

1936 డిసెంబరులో ఎడ్వర్డ్ రాజు సింహాసనం వదులుకున్నారు. తమ్ముడు ఆరవ జార్జ్ రాజయ్యారు. కొత్త రాజు బొమ్మతో అచ్చులు రావడం ఆలస్యమైంది. 1937లో చిల్లర అవసరపడి, 1936 అచ్చుల మీదే కావాలని ఒక చిన్న చుక్క పెట్టి ఒక సెంటు, పది సెంట్లు, పాతిక సెంట్ల నాణేలు కొట్టారు. వాటిలో ఒక సెంటు, పది సెంట్ల నాణేలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి. చుక్క సెంటు ఒకటి 2010లో వేలంలో నాలుగు లక్షల అమెరికన్ డాలర్లకు పైగా పలికింది. ఆ చుక్క దోషం కాదు, ఉద్దేశం.

పదేళ్ల తర్వాతి కథలో మనమూ ఉన్నాం. ఆరవ జార్జ్ నాణేల మీద ఆయన పేరు తర్వాత లాటిన్‌లో 'ఎట్ ఇండ్ ఇంప్' అని ఉండేది. 'భారత చక్రవర్తి కూడా' అని అర్థం. 1947లో మనకి స్వాతంత్ర్యం వచ్చింది. ఆ మాట తీసేయాల్సి వచ్చింది. కొత్త అచ్చులు 1948లో ఆలస్యంగా చేరాయి. అందాకా చిల్లర ఆగకూడదని 1947 అచ్చులతోనే కొట్టారు, ఏడాది పక్కన చిన్న మేపుల్ ఆకు గుర్తు పెట్టి. 1948 ఏడాది వేసిన వెండి డాలర్లు 18,780 మాత్రమే రావడానికి ఆ ఆలస్యమే కారణం. ఎక్కడో ఒట్టావాలో నాణెం మీద గోరంత ఆకు పడటానికి కారణం ఢిల్లీలో జెండా మారడం. ఆ నాణెం చూసినప్పుడల్లా సోషల్ పాఠం గుర్తొస్తుంది.

అదే 1947లో ఐదు సెంట్ల నాణేల్లో కొన్నిటి మీద ఏడాది పక్కన ఆకు కాదు, చుక్క ఉంటుంది. చూడటానికి 1936 చుక్కకి చుట్టంలా ఉంటుంది. కానీ దీన్ని ఎవరూ కావాలని పెట్టలేదనీ, అచ్చు ఉక్కులో పడిన చిన్న గుంట వల్ల వచ్చిందనీ సేకర్తల అభిప్రాయం. ఒకటి టంకశాల పెట్టిన గుర్తు, ఇంకోటి అచ్చు పెట్టిన గుర్తు. రెండూ క్యాటలాగుల్లో ఉన్నాయి, వేర్వేరు ధరలతో.

విరుగు కాకపోయినా దానికి ఎదురు కథ ఒకటి చెప్పి ముందుకెళ్తాను. 1955 వెండి డాలరు మీద పడవలో ఇద్దరు మనుషులు, పడవ పక్కన నీటి గీతలు ఉంటాయి. అచ్చుని మరీ ఎక్కువ సానపెట్టడం వల్ల కొన్ని నాణేల మీద కుడివైపు నీటి గీతలు సగానికి సగం మాయమయ్యాయి. ఒంటారియోలో ఆర్న్‌ప్రయర్ అనే ఊళ్లో ఒక కంపెనీ తన పనివాళ్లకి క్రిస్మస్‌కి ఇవ్వడానికి తెప్పించుకున్న డాలర్లలో ఇవి బయటపడ్డాయి. వాటికి ఆ ఊరి పేరే నిలిచిపోయింది. కాబట్టి సూత్రం ఇది: అచ్చు అరిగితే నాణెం మీద తగ్గుతుంది, అచ్చు విరిగితే నాణెం మీద పెరుగుతుంది.

బల్ల మీద మూడు నాణేలు

సరదా అన్నాను కానీ, ఇందులో డబ్బుంది. డబ్బున్నచోట మోసం ఉంటుంది. మూడేళ్ల కిందట ఉగాది సభలో ఒక పెద్దాయన పరిచయమయ్యారు. ఇక్కడ ఉద్యోగం చేసి రిటైరై కొడుకు దగ్గరికి వచ్చారు. నాకు నాణేలు తెలుసని ఎవరో చెబితే, ఒకరోజు మా ఇంటికి వచ్చారు. ఒక అమ్మకందారు ఆయనకి మూడు నాణేలు చూడమని ఇచ్చాడు. మూడూ కలిపి 1,800 డాలర్లు అడిగాడు. పదేళ్లలో పదింతలు అవుతాయన్నాడట. మనవరాలి కాలేజీ ఫీజుకని దాచిన డబ్బు పెట్టి కొందామని ఆయన ఆలోచన.

"నువ్వు ఒక్క మాట అను బాబూ, కొనేస్తాను" అన్నారు. "నేను అనడం కాదు బాబాయిగారూ, మీరే చూడండి" అని లెన్సు ఆయన చేతికే ఇచ్చాను. ఆయన లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరైనవారు. పద్ధతి చెప్పగానే పట్టేశారు.

మొదటిది 1947 చుక్క నాణెమట. లెన్సులో చూస్తే చుక్క చుట్టూ కందకంలా గుంట ఉంది. పక్క లోహాన్ని నెట్టి చుక్కగా లేపారు. అచ్చులోంచి వచ్చిన చుక్కకి కందకం ఉండదు, అది చదును నేల మీంచి నేరుగా లేస్తుంది. పైగా క్యాటలాగు బొమ్మలో చుక్క ఉన్న చోటికీ దీనికీ పొంతన లేదు. రెండోది 1999 సెంటు. రాణిగారి చెంప మీద ఉబ్బు. చుట్టూ గుండ్రం, పైన నునుపు. పొక్కు. మూడోది ఐదు సెంట్ల నాణెం. అంచున చిన్న దిబ్బ. తిరగేస్తే వెనక అక్షరాలు మసక. తూకం సరిపోయింది. దిబ్బ అంచు నుంచి ఒక బీట పక్క అక్షరంలోకి పాకింది. అది అసలైనది.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మూడింట్లో ఒకటి నిజం పెట్టాడు చూశావా. మూడూ అబద్ధమైతే ఎవరైనా పట్టేస్తారు" అన్నారు. ముప్పై ఐదేళ్లు పరీక్ష పేపర్లు దిద్దిన మనిషి మాట అది. బేరమాడి ఆ ఒక్కటే తీసుకున్నారు. ఫీజు డబ్బు ఫీజుకే వెళ్లింది.

అసలైనదైనంత మాత్రాన లక్షలు వస్తాయనుకోవద్దు. సన్నని బీటలు ఐదు సెంట్ల నాణేల మీద మామూలే, వాటికి ముఖవిలువ మించి ఇచ్చేవాళ్లు తక్కువ. కడ్‌లకి గిరాకీ ఉంది, ఎంత పెద్దది, ఎంత శుభ్రంగా ఉంది, ఏ ఏడాదిది అన్నదాన్ని బట్టి. డబ్బు కోసం వెతికితే విసుగొస్తుంది. చూడటం కోసం వెతికితే రాదు.

మన జేబులో

ఇదంతా కెనడా సంగతి, మనకెందుకు అనుకోవచ్చు. మన టంకశాల హైదరాబాదులోనే ఉంది. ఒకప్పుడు సైఫాబాద్‌లో, ఇప్పుడు చర్లపల్లిలో. రూపాయి మీద ఏడాది కింద చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాదులో కొట్టింది. అక్కడా ఉక్కు అచ్చులే, అక్కడా లక్షల దెబ్బలే. నేను చెప్పిన ఆరు పరీక్షలూ మన రూపాయికి, రెండు రూపాయలకి మార్పు లేకుండా వర్తిస్తాయి. మన నాణేలు కూడా బొమ్మ పైకుంటే బొరుసు పైకుండే తీరువే.

ఇప్పుడు మా ఆవిడ ప్రశ్నకి జవాబు. ఫ్యాక్టరీలో బీట వెనక మనిషి చెయ్యి ఉంటుంది. దాన్ని ఎంత తొందరగా చూస్తే అంత మంచిది. నాణెం మీద కడ్ అంటే, బీట పుట్టిన దగ్గర్నుంచి ముక్క ఊడేదాకా ఎవరి కంటా పడలేదన్న మాట. అది టంకశాల వారి తనిఖీ కూడా దాటి బయటపడింది. నేను డబ్బాలో దాచుకునేది ఆ చూడని నిమిషాల్ని. సోమవారం పొద్దున ఫ్యాక్టరీకి వెళ్లేముందు ఒక్కసారి వాటిని చూస్తే, ఆ రోజు పీసు వెనకవైపు గోరుతో గీరడం మర్చిపోను.

ఈ బడిలో సైన్సు మాస్టారు ఉల్లిపొర లెన్సు కింద పెట్టి, "పుస్తకంలో బొమ్మ తర్వాత, ముందు నీకేం కనబడుతోందో అది గియ్యి" అనేవారు. అప్పుడు లెన్సు ఒక్కటే ఉండేది. యాభై మందిమి వరసలో నిలబడేవాళ్లం. మా బ్యాచ్ తరఫున ఈ రోజు ప్రయోగశాలకి పదిరెట్ల లెన్సులు ఇరవై, చిన్న త్రాసులు రెండు ఇస్తున్నాం. వాటితోపాటు మూడు వందల కెనడా ఐదు సెంట్ల నాణేలు కూడా. ఎనిమిదో తరగతి పిల్లలకి ఒక్కొక్కరికి గుప్పెడు ఇచ్చి, తోబుట్టువుల్ని వెతకమనండి. ఆ మూడు వందల్లో ఏముందో నేనూ పూర్తిగా చూడలేదు. కావాలనే చూడలేదు.

భోజనాల హాలు పక్కన బల్ల మీద పన్నెండు నాణేలు, నాలుగు లెన్సులు పెట్టాను. పన్నెండింట్లో అచ్చు విరిగినవి ఏడు. మిగతా ఐదు గీరుళ్లు, పొక్కులు, ఒకటి టంకం. ఏది ఏదో కాగితం మీద రాసి గుమ్మం దగ్గర డబ్బాలో వేయండి. సాయంత్రం విప్పి చూద్దాం. గురువులు కూడా రాయాలి. ఈసారి పేపర్లు దిద్దేది మేము.